చేదుకట్టు

డబ్బా మూత తీస్తే పసుపు.
చీము పసుపు కాదు.
టెంక ముదరని మామిడికాయని కోస్తే
లోపల కనపడే లేత పసుపుపచ్చ, పైన కొంచెం నురగ.
చీటీ మీద: ఏసుపాదం, యాభై మూడు, పులియాంతోపు.
కింద వంకర రాత: క్షయ? మళ్ళీ చూడండి.

మూడుసార్లు చూశాం.
గాజుపలక మీద ఎర్ర కడ్డీ ఒక్కటీ దొరకలేదు.
ఎనిమిది నెలలుగా మాత్రలు మింగుతూనే ఉన్నాడు,
దగ్గుతూనే ఉన్నాడు. పడుకుంటే మరీ ఎక్కువ.

గ్యాసు బండ గురించి ఫోనులో మా ఆయన్ని కసురుతుంటే
ల్యాబు కిటికీలోంచి, "తెలుగోళ్ళా అమ్మా?"
ఊఁ అన్నాను, ఫోను దించకుండానే.
"ఒక మాట డాక్టరమ్మకి చెప్పండి.
అరవం నాకూ వచ్చు, మూడు తరాలుగా ఈ ఊరే.
కానీ నేను చెప్తే వినపడదు, తెల్లకోటు చెప్తే వినపడుద్ది.
నా దగ్గు చేదు."

చేదంటే?

"వేపాకు చేదు కాదు.
కోడిని బాగుచేసేటప్పుడు చేదుకట్టు చిట్లితే
కూరంతా పాడవుద్దే, ఆ చేదు.
పొద్దున లేస్తే నోట్లో అదే."

రంగు అడిగారు అందరూ. వాసన అడిగారు. రక్తం పడిందా అన్నారు.
రుచి ఎవరడుగుతారు?

రిజిస్టర్లో గడి లేని పని ఒకటి చేశాను.
మూత్రానికి వాడే పట్టీ తీసి అతని తెమడలో ముంచాను.
మీగడ రంగు గడి అర నిమిషంలో
గోధుమరంగుకి తిరిగింది.
కార్జంలో పుట్టి పేగులోకి దిగాల్సిన పైత్యరసం
ఊపిరితిత్తిలోకి ఎక్కి డబ్బాలో పడుతోంది.

డాక్టర్ ఇళమతి పట్టీని ట్యూబులైటుకి ఎత్తి చూసి
నిలబడ్డది కాస్తా కూర్చుంది.
నాలుగేళ్ళ కిందటి ఫైలు తెప్పించింది, చెదలు దులిపి.
కాలేయంలో చీముగడ్డ. సూదితో లాగారు. నయమైంది, సంతకం.
నయం కాలేదు.
గడ్డ మానుతూ మానుతూ
పొట్టకీ ఛాతీకీ మధ్య పలచటి గోడని కొరికి
గాలిగొట్టానికి సందు చేసుకుంది.
సిరలోకి ఎక్కించిన మందు
కాలేయం దాటాక పేగువైపు మెరవాలి;
స్కానులో కుడి ఛాతీ మెరిసింది.
ఇక కింద, పైత్యనాళం చివర,
శనగగింజంత రాయి.

బొమ్మ గీసి చెప్పడానికి డాక్టరు కాగితం తీసింది.
అక్కర్లేదన్నాడు ఏసుపాదం.
ఇరవై ఆరేళ్ళు మ్యాన్‌హోళ్ళలో దిగిన మనిషి.
"కింద లైను మూసుకుంటే నీళ్ళు ఆగవు గదమ్మా.
ఎవరింట్లో సందుంటే ఆ ఇంట్లోకి ఎక్కుద్ది.
ఓట్టేరి కాడ అడ్డు పడితే
పైవీధి స్నానాలగదిలో పొంగుద్ది.
వాళ్ళేమో పొంగినచోట సిమెంటు పుయ్యమంటారు."

నేను తమిళంలోకి మార్చబోయాను.
అర్థమైందన్నట్టు డాక్టరు చెయ్యి ఎత్తింది.
అప్పటిదాకా ఛాతీ కోసి సందు కుట్టేద్దామనే
సర్జన్లతో మాట్లాడుతోంది.

గురువారం నోట్లోంచి గొట్టం దింపి
నాళం మూతిని కాస్త కోసి, రాయి లాగి
వేలెడు ప్లాస్టిక్ స్టెంటు పెట్టారు.
సందుని ఎవరూ ముట్టుకోలేదు.
దారి కింద తెరుచుకుంటే
పైదారికి పనిలేక అదే పూడుకుంటుందని నమ్మి
వదిలేశారు. నమ్మకమే; ఒక్కోసారి పూడదు,
అప్పుడు కత్తి తప్పదు.

పదకొండోరోజు డబ్బాలో తెల్లటి తెమడ, అదీ చెంచాడు.
పట్టీ మీగడ రంగులోనే ఉండిపోయింది.
డబ్బా ఇచ్చి వెళ్తూ
క్యాంటీను కుర్రాడితో తగువు వేసుకున్నాడు,
టీలో ఇంత చక్కెరేంట్రా అని.
రోజూ వేసేదే అంటాడు వాడు.

ఆదివారం కోడి కార్జం కడుగుతూ
నా చేతిలోనే చిట్లింది చేదుకట్టు.
పారెయ్యబోయి ఆగాను.
చిటికెనవేలు నాలిక్కి తాకించి
సింకు పట్టుకుని నిలబడ్డాను.

ఎనిమిది నెలలు.